ఇంతకుముందు పొందిన స్కాలర్‌షిప్పులు

గడువు రేపు అర్ధరాత్రి.
వడపళని నెట్ సెంటర్లో గంటకి ముప్పై.
పక్క కుర్చీలో కుర్రాడెవరో
పెళ్ళి వీడియో మీద పూలు చల్లుతున్నాడు.

ఎనిమిది సీట్లు. ఆరు నెలల శిక్షణ.
పాత సినిమాలు పాడవకుండా చూసే చదువు.
నెలకి పన్నెండు వేలు, బస్సు పాసు,
రెండు జతల తెల్ల నూలు గ్లౌజులు.
హాస్టల్ ఊసు లేదు.
శాలిగ్రామంలో ఒక మంచం ఏడు వేలు,
మిగతా ఐదు వేలూ
సాంబారు సాదం దయ.

పేరు: తంగెళ్ళ నీరజాక్షి.
మాతృభాష: తెలుగు.
ఆ భాష ఊరు నేను చూసింది రెండుసార్లు.

అనుభవం:
ఏకాంబరం గారి షెడ్డులో ఏడు రోజులు.
"ముందు ముక్కు, తర్వాతే కళ్ళు" అంటారాయన.
డబ్బా మూత తీయగానే పులుపు ఎగదన్నింది.
నీలం కాగితం ముక్క లోపల పెట్టి మూసి వచ్చాం.
మర్నాటికి పసుపు.
"దీనికి జబ్బు. పక్కవాటికీ అంటిస్తుంది. విడిగా పెట్టు.
తడిచెయ్యి తగలనీకు."
మాగాయ జాడీ దగ్గర అమ్మమ్మ గొంతు
అచ్చం ఇలాగే ఉండేది.
సాయంత్రం బస్సులో పక్కావిడ
నన్ను వాసన చూసి జరిగి కూర్చుంది.

తండ్రి వృత్తి:
పాత వెండి వ్యాపారం అని రాశాను.
చెరిపాను.
మళ్ళీ అదే రాశాను.

మా నాన్న కొన్నది కడియాలూ కంచాలూ కాదు.
ల్యాబులు మూతబడే రోజుల్లో
మోపెడ్ వెనక గోనెసంచుల నిండా రీళ్ళు.
నలుపు తెలుపువైతే కిలోకి రెండ్రూపాయలు ఎక్కువ.
పెరట్లో సిమెంటు తొట్టి, మందునీళ్ళు.
రాత్రంతా నానితే
రాజుగారూ, గదలూ,
పీటల మీద తలొంచుకున్న పెళ్ళికూతురూ
తెల్లారేసరికి బూడిదరంగు మడ్డి.
కాలిస్తే గోరంత వెండి.

బొమ్మ పోయిన ఫిల్ము తేటగా
దండెం మీద చీరల పక్కన ఆరేది.
గాజులు చేసేవాళ్ళొచ్చి పట్టుకుపోయేవాళ్ళు.
ఆరేళ్ళ నేను దాన్ని ఎండకెత్తి వెతికేదాన్ని.
ఎవరూ ఉండేవారు కాదు.

ఒక్క అడుగు ముక్క దొంగిలించాను, నానకముందే.
అడుగుకి పదహారు బొమ్మలు.
ఒకావిడ గొడుగు తెరవబోతోంది.
పదహారింట్లోనూ తెరవలేదు.
ఏకాంబరం గారు భూతద్దం పెట్టి చూసి
"మిగతాదెక్కడ?" అన్నారు.
నేను కిటికీ వైపు చూశాను.

కోర్సు గురించి నాన్నకి చెప్పాను.
"కడగడానికి కోర్సా?"
"కడక్కుండా ఉంచడానికి."
తన చేతులకేసి చాలాసేపు చూసుకున్నాడు.
గోళ్ళ కింద ఇంకా ఆ నలుపే.
"ఎంతిస్తారు?" అన్నాడు.

పద్నాలుగో ప్రశ్న:
ఇంతకుముందు ఏవైనా స్కాలర్‌షిప్పులు పొందారా?
అవును, నొక్కాను.
ఒక గడి తెరుచుకుంది. వివరాలు ఇవ్వండి.

ఒకటో తరగతి నుంచి ఇంటరు దాకా.
దాతల పేర్లు తెలియవు,
పేర్లు పడే మొదటి రీలే ముందు నానేది.
ఏడాది ఫీజుకి నలభై డబ్బాలు.
యూనిఫాంకి మూడు.
టైఫాయిడ్ వచ్చినప్పుడు
ఒక కథ మొత్తం, పద్నాలుగు రీళ్ళు,
చివర్లో వాళ్ళు కలుసుకున్నారో లేదో.
షరతులు: అప్పట్లో ఏవీ చెప్పలేదు.

జవాబు పరిమితి మించింది,
అని ఎర్రగా వెలిగింది తెర.

కత్తిరించడం నాకింకా నేర్పలేదు.
గొడుగు తీసేశాను.
టైఫాయిడ్ తీసేశాను.
ఇంకా పదకొండు మాటలు ఎక్కువ.
నలభై డబ్బాల మీద వేలు ఆగింది,
అక్కడే ఉంది.

"టైమైపోయిందక్కా" అన్నాడు సెంటరబ్బాయి.
ఇంకో ముప్పై ఇచ్చాను.